ముందు పన్ను లేని కారు

మా బావ మనసు ఏ వస్తువు మీద పడిందో తెలుసుకోవాలంటే, ఆయన దేన్ని తిడుతున్నాడో వినాలి. "ఛీ, ఇదీ ఒక గడియారమేనా" అన్నాడంటే ఆ గడియారం మీద ప్రాణాలు పెట్టుకున్నాడన్నమాట. "ఫరవాలేదు" అన్నాడంటే దాన్ని అక్కడే వదిలేశాడన్నమాట. అందని ద్రాక్షపళ్ళు పుల్లన అన్న నక్క అందరికీ తెలుసు. అందే గుత్తినే పుల్లనిదని తిట్టి తిట్టి, తోటమాలి విసుగెత్తి కోసి చేతిలో పెట్టేదాకా కదలని నక్క గురించి ఎవరూ కథ చెప్పినట్టు లేదు. ఆ నక్కే మా చెల్లెలి మొగుడు.

వృత్తి కర్టెన్లు కుట్టడం. వ్యసనం పాత అమెరికా కార్లు. నడిచే కార్ల మీద ఆయనకి గౌరవం లేదు. ఓడంత పొడుగు, వెనక రెక్కలు, ముందు వెండి పళ్ళు ఉన్న ఆ కార్లు ఒకప్పుడు ప్రతి పెద్ద ఊళ్ళోనూ ఒకటో రెండో దిగాయి. ఏ దొరలు వదిలిపోయినవో, ఏ షావుకార్లు మోజుపడి తెప్పించుకున్నవో! ఇప్పుడవి మూతపడ్డ మిల్లుల వెనకా గోడౌన్ల మూలలా తుప్పు పట్టి, కోళ్ళకి కాపురాలుగా పడి ఉన్నాయి. వాటిని వెతికి, కొని, బాగుచేస్తానని ఇంటికి లాక్కురావడం బావ పని. వెతకడం బాగా వచ్చు. కొనడం ఇంకా బాగా వచ్చు. బాగుచేయడం మాత్రం, మా చెల్లెలి మాటల్లో, "పునాది రాయి పడింది".

నేను దేశదిమ్మరిని. ఏ ఊళ్ళోనూ కుదురుగా ఉండను. ఈ మధ్య మోకాళ్ళు మొరాయించినప్పుడల్లా వాళ్ళింటికి వచ్చి పడుతున్నాను కనుక ఈ వ్యాపారాన్ని దగ్గరగా చూశాను. ఒకప్పుడు ఒక గుర్రాల సంతలో అమ్మేవాడూ కొనేవాడూ చేతులు గుడ్డ కింద పెట్టి, వేళ్ళతోనే బేరమాడుకోవడం చూసి ముచ్చటపడ్డాను. ముఖాలు మాత్రం ఇద్దరివీ చావింట్లో కూర్చున్నట్టుండేవి. బావకి గుడ్డ కూడా అక్కర్లేదు. ముఖమే గుడ్డ.

ఆయనకీ విద్య నేర్పినవాడు ఎవరో ముసలి బ్రోకరు. సూత్రం ఒకటే: కారు కోసం వెళ్ళినవాడు కారు వైపు చూడకూడదు. వెళ్ళాలి, మంచినీళ్ళడగాలి, కిటికీలు చూడాలి, ఊడిన అల్మారా తలుపు గురించి సానుభూతి చూపాలి. గడప దాటబోతూ వెనక్కి తిరిగి, "ఆ మూల రేకుల కుప్పేమిటండీ, పాములు చేరతాయేమో" అనాలి. ఆ తర్వాత ఇంటివాళ్ళకి నిద్ర పట్టదు. మళ్ళీ వెళ్ళేసరికి వాళ్ళే బతిమాలుకుంటారు. పాపం, ఎంతమంది ఇంటి యజమానులు ఆయన్ని పరోపకారి అనుకున్నారో!

ఈ పరోపకారం ఫలితమంతా వాళ్ళింట్లో ఉంది. వాకిట్లో ఇటికల మీద ఎక్కించిన కార్లు రెండు. లోపల హాల్లో సోఫా అని మనం కూర్చునేది ఒక కారు వెనక సీటు. నేను పడుకునేదీ దాని మీదే. పక్కకి తిరిగితే స్ప్రింగులు పాత పగలన్నీ గుర్తు చేసుకుంటాయి. మెట్ల కింద ఇంజను, దాని మీద మా చెల్లెలి పూలకుండీలు. గోడకి తెల్లటి స్టీరింగు, దానికి వేలాడుతూ కొలతల టేపులు. ఇవన్నీ ఒకే రకం కారువి. ఒక్కొక్క ముక్క కోసం ఒక్కొక్క శవాన్ని కొన్నాడాయన. ఆ రకం కారు మాత్రం ఒక్కటీ నిండుగా దొరకలేదు. దానికి కావలసినవన్నీ ఆయన దగ్గరున్నాయి, కారు తప్ప.

"ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అని ఊరికే అన్నారా అన్నయ్యా!" అనేది మా చెల్లెలు. "ఈ సోమలింగానికి చొక్కాలు కూడా కుట్టించేశారు."

అన్నిటిలోకీ ఆయనకి ప్రాణమైనది ఒక పన్ను. ఆ కారు ముందు భాగంలో నోరు తెరిచినట్టుండే జాలీకి వరుసగా వెండి పళ్ళుంటాయి. అందులో ఒకటి, అరచేయంత, బొద్దుగా, నున్నగా ఉండేది ఏదో సంతలో తాళాల కుప్పలో దొరికింది. గుడ్డ కత్తిరించేటప్పుడు కదలకుండా దాన్నే బరువు పెట్టేవాడు. "పనికిమాలిన ముక్క" అని రోజూ తిట్టి, రోజూ తుడిచేవాడు.

మా చెల్లెలి వంట సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. పెళ్ళైన దగ్గర్నుంచీ ఆయన ఒక్కనాడూ బాగుందనలేదు. "ఏదో ఉందిలే" అంటూ మూడోసారి వడ్డించుకునేవాడు. ఆవిడ దాన్ని అనువదించుకుని బతికేసింది. కొందరు ఆడవాళ్ళు ఇంట్లోనే పరాయి భాష నేర్చుకుంటారు.

ఇక అసలు విషయం. కర్టెన్లవాడికి ప్రతి ఇంటి హాల్లోకీ ప్రవేశం ఉంటుంది. కిటికీ కొలుస్తూ గోడ మీద ఫొటోలు చూడొచ్చు. ఒక ఇంట్లో పాత ఫొటో: తాతగారు, పక్కన కారు, వెనక పూలతోట. అదే రకం కారు! జాలీలో ఒక పన్ను లేదు. బావ టేపు జారవిడిచాడు.

"ఎవరి కారండీ?"

"మా తాతగారిది. మా కారు చూడ్డానికే జనం వచ్చేవాళ్ళట."

తర్వాత ఇంకో వీధిలో, ఇంకో ఇంట్లో, ఇంకో తాతగారు. అదే కారు, అదే పన్ను లేదు. అది కూడా వాళ్ళ తాతగారిదే. ఆ తర్వాత ఒక డాక్టరుగారింట్లో, ఒక కిరాణాకొట్టు పైవాటాలో. మా తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి అనే జాతి మనది. ఊరి తాతలందరూ ఒకే గిన్నెలో నెయ్యి తాగారని మాత్రం అప్పుడే తెలిసింది.

బావ ఎవరినీ కాదనలేదు. ఇంటికొచ్చి సీటు మీద కూలబడి, కిరాణాకొట్టు వాళ్ళనడిగి తెచ్చిన ఫొటో నా చేతిలో పెట్టి, "బావా, కారు సంగతలా ఉంచు. ఆ తోట చూశావా?" అన్నాడు.

"పూలతోట. బాగుంది."

"తోట కాదు, తెర. పై మూల కొక్కెం పట్టుకోక గుడ్డ ఇంత జారింది. గుత్తి మధ్యలో మడత. పూలు మడతలు పడతాయా? ఆ తాతలందరూ ఒకే కర్టెన్ ముందు నిలబడ్డారు."

అంటే ఫొటో స్టూడియో. ముసలివాళ్ళని అడగ్గా అడగ్గా, పాత సినిమా హాలు వెనక సందులో ఒకప్పుడుండేదని తేలింది. ఫొటోగ్రాఫరు పోయాడు. భార్య ఉంది. బావ నన్ను కూడా తీసుకెళ్ళాడు, పెద్దమనిషి తోడుంటే నమ్ముతారని.

ఆవిడ సన్నగా, నిటారుగా, తెల్లటి జుట్టు గట్టిగా దువ్వుకుని ఉంది. ముందుగదిలో ఇంకా మూడుకాళ్ళ కెమెరా, పిల్లల్ని నవ్వించే చెక్క చిలక. బావ మంచినీళ్ళడిగాడు. కిటికీలు చూశాడు. నీలం గుడ్డ అయితే వెలుతురు బాగుంటుందన్నాడు. నేను మర్యాదకి చిలకని మెచ్చుకున్నాను. బావ నా కాలు తొక్కాడు.

పెరటి షెడ్డు ఆవిడే చూపించింది. తలుపు తీయగానే ఎదురుగా అదే కారు. లేత ఆకుపచ్చ రంగు, తళతళమనే అంచులు, నిన్న కొన్నట్టుంది. బావ కారు వైపు చూడకుండా షెడ్డు కప్పు చూస్తూ అటుపక్కకి వెళ్ళాడు. నేనూ వెళ్ళాను. అటు పక్కంతా తుప్పు. తలుపులో నా తల దూరేంత కంత.

"మావారు ఫొటోలో పడేవైపే తుడిచేవారు బాబూ," అంది ఆవిడ. "పడనిదానికి సబ్బెందుకు దండగ అనేవారు. ఇది రావడమే ఇంజను లేకుండా వచ్చింది. ఒక్క అడుగు నడవలేదు. ఒకాయన పులిని చంపినవాడిలా కాలు పెట్టి నిలబడి, వచ్చిన నెలలోనే ఆ పన్ను ఊడగొట్టాడు. ఆయన పోయాక కూడా నేను ఇటుపక్క రోజూ తుడుస్తాను. అలవాటు."

ఇంజను మెట్ల కింద ఉంది. పన్ను గుడ్డల మీద ఉంది. బావ మనసులో కారు అప్పుడే పూర్తయిందని నాకొక్కడికే తెలిసింది. దాన్ని దాచుకోవడానికి ఆ రోజు ఆయన తిట్టిన తిట్లు అంతకు ముందెన్నడూ తిట్టలేదు.

"అమ్మా, ఏమనుకోకండి. ఇది కారు కాదు, కారు వేషం. ఇటు పెళ్ళి, అటు చావు. కింద చట్రం పొడైపోయి ఉంటుంది. ముట్టుకుంటే చెయ్యి తెగి సెప్టిక్ అవుతుంది. దీన్ని ఎవరికైనా అంటగడితే వాడు జీవితాంతం తిట్టుకుంటాడు. నేనైతే ఊరికే ఇచ్చినా ఆలోచిస్తాను."

ఆవిడ చేతిలో ఉన్న తుడిచే గుడ్డని నాలుగు మడతలు పెట్టి కిటికీ మీద ఉంచింది.

"కొన్నాళ్ళు నాననివ్వాలి," అన్నాడు బావ సందు మలుపు తిరగ్గానే. ఆ కొన్నాళ్ళూ ఇంట్లో ఆ కారుని తిడుతూనే ఉన్నాడు, అన్నం తింటూ తిట్టాడు, గుడ్డ కత్తిరిస్తూ తిట్టాడు. మా చెల్లెలు అంతా విని నాతో అంది: "ఇంతలా తిడుతున్నారంటే అన్నయ్యా, ఇక ఇంట్లో మనకి చోటుండదు. నేనూ వచ్చి కొలుచుకుంటాను."

అలా ముగ్గురం బయల్దేరాం. టేపు మా చెల్లెలి చేతిలో ఉంది.

గేటు దగ్గర తోపుడు బండి, దాని మీద గ్యాసు సిలిండరు. పెరట్లో పాత ఇనుపకొట్టువాడు కళ్ళద్దాలు నుదుటికి ఎక్కించుకుని, కోసే గొట్టానికి నిప్పు అంటిస్తున్నాడు. కారుని షెడ్డు బయటికి తోశారు. బావ తిట్టిన వైపు ఎండలో ఉంది.

"రా నాయనా రా," అంది పెద్దావిడ. "నీ పుణ్యమా అని ఈ పూటతో వదిలిపోతుంది."

"కో... కోయిస్తున్నారా?"

"మరేం చెయ్యను? ఎవరికైనా అమ్ముదామంటే, నువ్వు చెప్పినవన్నీ విన్నాక నోరెలా వస్తుంది? కొన్నవాడి ఉసురు నాకెందుకు?"

"నేను కొంటానమ్మా!"

"నీకా? కళ్ళు తెరిపించినవాడివి, నీకే అంటగడతానా? అంత తెలివి తక్కువదాన్ని కాను బాబూ."

తన గోతిలో తాను పడడం అంటే ఇంతకాలం సామెత అనుకున్నాను. ఆ పూట కళ్ళారా చూశాను. పడినవాడు గోతిని కూడా మెచ్చుకోలేని స్థితిలో ఉన్నాడు. బావ చివరికి, "అంత చెడ్డదేం కాదమ్మా... ఫరవాలేదు," అన్నాడు.

"జాలిపడకు," అంది ఆవిడ. "నువ్వు కానీ నాయనా," అని ఇనుపకొట్టువాడితో అంది.

మా చెల్లెలు ముందుకొచ్చింది. "పిన్నిగారూ, ఆగండి. ఈయన సంగతి మీకు తెలీదు. దేన్ని తిడితే అదంటే ప్రాణం. మా ఇంట్లో దీని సీటూ ఇంజనూ పెట్టుకుని ఏళ్ళ తరబడి దీనికోసమే ఏడుస్తున్నారు. మీ దగ్గర చవగ్గా కొట్టేద్దామని అబద్ధాలాడారు."

పెద్దావిడ బావని ఎగాదిగా చూసింది. "అబద్ధాలాడేవాడైతే, ఇప్పుడు మాత్రం నిజం చెప్తున్నాడని ఏమిటమ్మా నమ్మకం?"

దీనికి ఏ తర్కశాస్త్రంలోనూ సమాధానం లేదు. చదివినవాణ్ణి, నాకు తెలుసు.

"అమ్మా, గ్యాసు దండగవుతోంది," అన్నాడు ఇనుపకొట్టువాడు.

"చెప్పండీ!" అంది మా చెల్లెలు మొగుడితో. "ఒక్కసారి నోరు తెరిచి చెప్పండి. నన్నెలాగూ ఎప్పుడూ మెచ్చుకోలేదు. దాన్నైనా మెచ్చుకోండి."

బావ కారు దగ్గరికి వెళ్ళాడు. మొదటిసారి దాన్ని సూటిగా చూశాడు. తుప్పువైపే నిలబడి, తలుపు తెరిచి, మళ్ళీ వేశాడు.

"విన్నారా అమ్మా? ఇప్పటి కార్ల తలుపు డబ్బా మూతలా పడుతుంది. ఇది చూడండి, పెద్దమనిషి గొంతు సవరించుకున్నట్టుంది. ఇంత తుప్పులోనూ తలుపు మడతబందులు జారలేదు. చట్రం పొడైపోయిందన్నానా? కిందకి దూరి చూడనేలేదు నేను, ఊరికే అన్నాను. ఈ రెక్కలున్నాయే, ఎగరడానికి కాదు, గాలికీ కాదు, అసలు ఎందుకూ కాదు. ఎందుకూ పనికిరాని వంపు కోసం ఎవడో కూర్చుని ఇంత కష్టపడ్డాడంటే, ఆ పూట వాడెంత సంతోషంగా ఉన్నాడో! నేను కిటికీలకి కుచ్చిళ్ళు పెట్టేవాణ్ణి, నాకు తెలుసు. ఈ ఊళ్ళో ప్రతి ఇంటి గోడ మీదా ఇదే ఉందమ్మా. అందరూ మా తాతదంటే మా తాతదని కొట్టుకుంటున్నారు. ఒక్క అడుగు నడవకుండా ఇంతమందిని గొప్పవాళ్ళని చేసిన కారు ఇంకెక్కడైనా ఉందా? నేను చూసిన కార్లన్నిటిలో... ఇది అందమైనదమ్మా. చాలా అందమైనది."

చివరి మాట బయటికి రావడానికి తుప్పుపట్టిన తాళం తిరిగినంత బాధపడింది. మా చెల్లెలు టేపుని వేలికి చుట్టుకుంటూ ఎటో చూస్తోంది. ఇనుపకొట్టువాడు గొట్టం ఆర్పేశాడు. "ఇన్ని మాటలు విన్నాక కోయడానికి నాకు చెయ్యాడదమ్మా. ఇంకెవరినైనా పిలుచుకోండి," అన్నాడు.

పెద్దావిడ కిటికీ మీది గుడ్డ తీసుకుని, మడతలు విప్పి, మెల్లిగా తుప్పువైపుకి వచ్చింది. అద్దం మీద దుమ్ము తుడిచింది.

"మావారు కూడా దీని గురించి ఇంత చెప్పలేదు," అంది. "నిజమే నాయనా. అందమైనదే. ఇంత మంచిదాన్ని పోగొట్టుకోబోయాను."

"అయితే నాకు..." అన్నాడు బావ.

"అమ్మను," అంది ఆవిడ. "ఇంక ఎవరికీ అమ్మను."

తిట్టి దాదాపు చంపుకున్నాడు, మెచ్చుకుని పోగొట్టుకున్నాడు.  ఇంటికొచ్చాక, అన్నం పెడితే బావ ముద్ద నోట్లో పెట్టుకుని, "బాగుంది," అన్నాడు. మా చెల్లెలు కంగారుపడి నుదుటి మీద చెయ్యి వేసి చూసింది.

తర్వాత ఒక మధ్యాహ్నం పెద్దావిడ వాళ్ళింటికి వచ్చింది. నీలం గుడ్డ సంగతి మాట్లాడదామని వచ్చానంది. మంచినీళ్ళడిగింది. కిటికీలు చూసింది. గుమ్మం తలుపు కిర్రుమంటోందని సానుభూతి చూపింది. వెనక సీటు వైపు, మెట్ల కింద ఇంజను వైపు కన్నెత్తి చూడలేదు. బావ కత్తెర చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. ఆయనకి ఆ నడక తెలుసు.

వెళ్తూ వెళ్తూ గడప దగ్గర ఆగి, గుడ్డల మీదున్న పన్ను తీసి చూసింది. "ఇదేమిటి నాయనా ఇది? అరిగిపోయింది. ఛీ, ఎందుకూ పనికిరాదు. ఎందుకుంచుకున్నావో!"

నేను నవ్వాపుకోలేక బయటికి వచ్చేశాను. లోపల బావ అంటున్నాడు: "అవునమ్మా, చెత్త. పట్టుకెళ్ళండి. కానీ బిగించడం మీవల్ల కాదు. నేనే రావాలి."

అలా మొదలైంది. సెలవు దొరికినప్పుడల్లా బావ ఆ పెరట్లోనే ఉంటున్నాడు. ఒక్కొక్కటే అన్నీ అక్కడికి వెళ్ళిపోయాయి, ఇంజను కూడా. తుప్పువైపు గీకడానికే ఇంకా ఎన్నాళ్ళు పడుతుందో తెలీదు. పెద్దావిడ కుర్చీ వేసుకుని అది సరిగా లేదు, ఇది సరిగా లేదు అని తిడుతూ ఉంటుందట. అంటే పని బాగా సాగుతోందన్నమాట.

ఈసారి నేను వచ్చేసరికి హాల్లో మామూలు సోఫా ఉంది. దాని మీద నాకు నిద్ర పట్టలేదు. గోడ మీద స్టీరింగు ఉండే మేకుకి ఫొటో వేలాడుతోంది: మా బావ, పక్కన మా చెల్లెలు, మంచివైపు కారు, వెనక అదే పూలతోట. తెర ఈసారి బిగుతుగా ఉంది, కొక్కేలు ఆయనే మార్చి ఉంటాడు. జాలీలో పళ్ళన్నీ ఉన్నాయి. పెద్దావిడ మూడుకాళ్ళ కెమెరా దుమ్ము దులిపి తీసిందట.

కర్టెన్ల కోసం వచ్చిన ఒకావిడ ఆ ఫొటో చూసి, "ఎవరి కారండీ?" అంది.

"మాదే," అన్నాడు బావ, రెప్ప వెయ్యకుండా.

లోపల్నుంచి మా చెల్లెలి గొంతు వినిపించింది. "కారు వేరేవాళ్ళదండీ. ముందు పన్ను ఒక్కటీ మాది."